జబ్బుపడిన కాపరి

అమెరికన్ రచయిత్రి మేరిలిన్ రాబిన్సన్ 2004లో ప్రకటించిన ‘గిలియడ్’ నవలకు మరుసటి ఏట పులిట్జర్ బహుమానము లభించినది. తెలుగు బైబిలు చదివినవారికి ఈ పేరు ‘గిలాదు’గా పరిచితమే, గాయములను మాన్పు గుగ్గిలమునకు ప్రసిద్ధికెక్కిన సీమ అది. నవలలో అది అయోవా రాష్ట్రమందలి ఒక చిన్న ఊరు. కాలము 1956. అక్కడి సంఘకాపరి జాన్ ఏమ్స్‌కు 76 ఏండ్లు, గుండెజబ్బు. తాను ఎక్కువకాలము బ్రతకనని యెరిగి, ఏడేండ్లయినా నిండని కుమారునికి, అతడు పెద్దవాడైన పిదప చదువుకొనుటకై వ్రాసిన లేఖయే ఈ నవల.

కాపరి మందను కాచుట లోకమెరిగిన సంగతి. ఇచట మందయే కాపరిని కాచుచున్నది. ఆయన బేస్‌బాల్ ఆటలు చూడవలెనని సంఘస్థులు టెలివిజన్ కొనియిచ్చిరి. జబ్బు కబురు పొక్కగానే ఇంటికి వంటకములు వచ్చిపడినవి. వానిలో కొన్ని పొరుగు ప్రెస్బిటేరియను ఇండ్లవి కావలెనని ఆయన అనుమానము! ఈ హాస్యమే లేకున్న గ్రంథము ప్రసంగముల మూట అయ్యెడిది. పాత దేవాలయమును పడగొట్టి క్రొత్తది కట్టదలచిన సంఘము, ఆయన కన్నుమూయువరకు ఆ పని ఆపుకొన్నది. ఇది ఆయనకు తెలియును. ఈ ఆదరణలో ప్రేమ యెంత యున్నదో మృత్యువుకొరకు ఎదురుచూచుటయు అంతే యున్నది. రచయిత్రి ఈ రెంటిని విడదీయకుండుట ఆమె ప్రజ్ఞకు తార్కాణము.

బాల్యములో పిడుగుపడి కాలిన చర్చి శిథిలములను జనులు వానలో తొలగించుచుండగా, మసిచేతులతో తండ్రి ఇచ్చిన రొట్టెముక్కను ఏమ్స్ ప్రసాదమువలె తలచుకొనును. నవలలో సంఘమునకు నిజముగా ప్రాణము వచ్చిన ఘట్టమిది. తక్కినచోట్ల వంటకములు కనబడునే కాని వండిన చేతులు కనబడవు. అంతయు ఒక్కని లేఖయే గనుక ఇది తప్పదని సమాధానము చెప్పవచ్చును. కాని లోటు లోటే.

అంతకన్న పెద్ద ప్రశ్న మరియొకటి కలదు. భార్యాబిడ్డలకు తాను ధనమేమియు విడిచిపోలేనన్నది ఏమ్స్ మనోవ్యథ. భార్య లైలా ఒక ఆదివారము వాన తప్పించుకొనుటకు చర్చిలో అడుగిడిన దిక్కులేని స్త్రీ. కాపరి పోయిన పిమ్మట ఆ వంటకములు ఆమె గుమ్మమునకు వచ్చునా? ‘గిలియడ్’ దీనిని ప్రార్థనకు విడిచిపెట్టినది. పదేండ్ల తరువాత, 2014లో, రాబిన్సన్ ‘లైలా’ అను నవలను ఆమె దృష్టినుండియే వ్రాసినది. అందు లైలా ఆ ఊరిని ఎన్నడును పూర్తిగా నమ్మదు.