వూహాన్ రోగుల అంకెలు: ఒక విమర్శ

కోవిడ్ సోకి ఆస్పత్రిలో చేరినవారిలో ఎవరికి ప్రాణాపాయము హెచ్చు? చైనాలోని వూహాన్ నగరమున రెండు ఆస్పత్రుల రోగులను పరిశీలించి, అచ్చటి వైద్యులు 2020 మార్చిలో లాన్సెట్ పత్రికలో దీనికి సమాధానమిచ్చిరి. పరిశీలించిన 191 మందిలో 137 మంది ఇండ్లకు చేరిరి; 54 మంది మరణించిరి. ఆస్పత్రిలో చేరునాటి వయస్సు, అవయవముల వైఫల్యమును కొలుచు సోఫా అంకె, రక్తములోని డి-డైమర్ అను పదార్థము, ఈ మూడింటికిని మరణముతో సంబంధము కనబడినది. వ్యాధి క్రొత్తదైన ఆ దినములలో అపాయమును ముందుగా గుర్తించు దారి చూపుట ఈ పరిశోధన ఘనత. అయినను దాని అంకెలను చదువుటలో మూడు జాగ్రత్తలు అవసరము.

మొదటిది లెక్కలోనికి వచ్చినవారిని గురించి. 191లో 54 అనగా 28 శాతము. కాని ఆస్పత్రులలో చేరినవారు 813 మంది. జనవరి 31 నాటికి ఇంకను చికిత్సలో నున్నవారు, వ్యాధి నిర్ధారణ కానివారు కలిసి 613 మందిని, వివరములు చాలని 9 మందిని విడిచిపెట్టిరి. పరీక్ష ముగియకముందే లేచి వచ్చినవారి మార్కులతో తరగతి ఫలితమును నిర్ణయింపరాదు గదా! తమ లెక్క అసలు మరణశాతమును తెలుపదని పరిశోధకులే ఒప్పుకొనిరి.

రెండవది, డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రామును మించినవారికి వచ్చిన 18.42 అను అంకె. దీనిని ‘మరణావకాశము 18 రెట్లు’ అని చదువుట తప్పు. ఇది చనిపోయినవారికిని బ్రతికినవారికిని గల నిష్పత్తుల పోలిక. ఒక సమూహమున నూర్గురిలో 10 మంది చనిపోయిరనుకొందము. నిష్పత్తి 1:9. దానికి 18 రెట్లు 2:1. అనగా నూర్గురిలో సుమారు 67 మంది; 180 మంది కారు! పైగా రోగులు కొద్దిమంది యగుటచే, అసలు విలువ 2.64 మొదలు 128.55 వరకు ఎచ్చటనైన ఉండవచ్చునని గణితము చెప్పుచున్నది.

మూడవది: గుర్తు వేరు, కారణము వేరు. రక్తపు గడ్డ కరుగునప్పుడు ఏర్పడు తునక డి-డైమర్. పొగను బట్టి నిప్పును ఊహింపవచ్చును. పొగను విసరినంత మాత్రమున నిప్పు ఆరదు. రక్తము గడ్డకట్టుటను ఆపు హెపారిన్‌ను హెచ్చు మోతాదులో ఇచ్చి చేసిన ప్రయోగముల ఫలితములు 2021లో వెలువడినవి. విషమస్థితికి చేరని రోగులకు అది మేలు చేసినది. విషమస్థితిలో నున్నవారికి చేయలేదు. గుర్తును చూచి చికిత్సను నిర్ణయింపజాలము, ప్రయోగమే తేల్చవలెను.

కావున వయస్సు మీరినవారిని, ఈ గుర్తులు గలవారిని ‘ఇక బ్రతుకరు’ అని ప్రక్కకు నెట్టుటకు ఈ అంకెలు ఆధారము కావు. ఎవరిని ముందుగా, మరింత శ్రద్ధతో కనిపెట్టి చూడవలెనో తెలుపుటకే అవి ఉపయోగపడును.