స్లావుల ‘బొగు’ – మన భగశబ్దము

స్లావుభాషలయందు భగవంతునికి వాచకమగు పదము రష్యనున బోగ్, పోలిషున బూగ్, చెక్కున బూహ్ అని వినఁబడుచున్నది. మూలస్లావుభాషకు లేఖనములు లేవు. కావున భాషాశాస్త్రజ్ఞులు ఈ రూపములను సరిపోల్చి ‘బొగు’ అను పూర్వరూపమును నిర్మించి, యూహితమని తెలుపుటకు దాని మొదట నక్షత్రచిహ్నము నుంతురు. ఇది మన భగశబ్దమునకు సహజసోదరమా, ఇరానీయులయొద్దఁ దెచ్చుకొన్న యెరువా యనునది యిప్పటికిని వివాదమే.

ఎరువనువారికి రెండాధారములు. ఋగ్వేదమున భగుఁ డాదిత్యులలో నొక్కఁడు మాత్రమే. ప్రాచీనపారసీకశాసనములందు ‘బగ’ యనఁగా సామాన్యముగా దేవుఁడు. స్లావుల యర్థ మీ రెండవదానితో నేకీభవించును. నల్లసముద్రమున కుత్తరమున ఇరానీయభాషులగు సిథియనులును సర్మేషియనులును స్లావులకుఁ బొరుగువారు గదా. ఇఁక రెండవది వర్ణవిచారము. వెర్నర్ వింటరు 1978లోఁ బ్రకటించిన సూత్రము చొప్పున, బాల్టిక్-స్లావుశాఖలో మూలభాషయందలి అల్పప్రాణనాదములగు గ, ద లకు ముందున్న హ్రస్వము దీర్ఘించును. దీర్ఘమగు ఆకారము స్లావున అకారమై నిలుచును, హ్రస్వ మొకారమగును. స్వకీయపదమైనచో ‘బగు’ కావలసినది. అయితే నీటికి స్లావు పేరగు ‘వొద’ సైత మీ సూత్రమును దప్పినదే. కనుక దీనినే బ్రహ్మాస్త్రముగాఁ బ్రయోగించుట తగదు.

ఈ పదసంతతి దేవునికంటె సంపద నెక్కువగాఁ జెప్పుట గమనింపఁదగినది. ‘బొగతు’ ధనికుఁడు, ‘ఉబొగు’ దరిద్రుఁడు. ఇందలి ‘ఉ’ వియోగమును దెలుపును. దరిద్రుఁడనఁగా దైవము లేనివాఁడు కాఁడు, భాగము లేనివాఁడు. పోలిషున ‘జ్బొజె’ ధాన్యము. అదియే చెక్కున ‘జ్బొజీ’ యై సరకులకుఁ బేరైనది. ఈ కడపటిదాని మొదట మన ‘సు’ ఉపసర్గమే యున్నదని కొందఱి తలంపు. అట్లైన నది సుభగశబ్దమునకుఁ దోడఁబుట్టువగును. మన భగవంతుఁడును మొదట భగము, అనఁగా ఐశ్వర్యభాగము, కలవాఁడే.

ఇందఱు బిడ్డలు గలది పరకీయ మెట్లగునని స్వకీయవాదు లడుగుదురు. ఈ యుక్తి తెలుఁగువారికి రుచింపదు. భయపడుట, కోపగించుట మనము చేయుచునే యున్నాము, భయకోపములు సంస్కృతములు. మఱియు అవెస్తాయందు ‘బగ’ భాగార్థమునఁ గూడఁ గలదు గనుక రెండర్థములు నొక్క మూటగనే వచ్చియుండవచ్చును. నాకు ఎరువుపక్షమే కొంత బలవత్తరముగాఁ దోఁచుచున్నది. కాని దానిపై నొక మేడ గట్టి, ఇరానీయులు నేర్పువఱకు స్లావులకు దైవభావమే లేదనుట సాహసము. వేలుపు అను మాట చేతనుండఁగనే మనము దేవుఁ డనుట లేదా? లిథువేనియనులు దేవశబ్దమునకు సోదరమగు ‘దియెవస్’ను నేఁటికిని నిలుపుకొనిరి, స్లావులు దానిని విడిచి ‘బొగు’ను జేపట్టిరి. అంతే.

కీవునగరమున 980లో వ్లాదిమీరు ప్రతిష్ఠించిన విగ్రహములలో ‘దజ్‌బొగు’ ఒకఁడని రష్యను ప్రాచీనవృత్తాంతము చెప్పుచున్నది. ఇందలి పూర్వపదము ‘ఇచ్చు’ అను నర్థముగల ధాతువునకు సంబంధించినది, స్లావుల సొంతము. ఉత్తరపదమును దేవుఁడని గ్రహించువారు ‘దాతయగు దేవుఁ’డందురు. సంపదయని గ్రహించినచో నతని పేరు మన కుబేరుని ధనదనామమునకు సరియగు జోడు. నే నీ రెండవ యర్థమునే గ్రహింతును.