పోగు ధర, కిలో ధర

పెద్దకూర దుకాణంలో కన్నా నేరుగా కొంటే చవక అనే వాదన మన మధ్య తరచూ వినబడుతుంది. ఇది సగం నిజమే. తెలంగాణ మాదిగ గూడేల్లో నలుగురు కలిసి ముసలెద్దునో దున్ననో కొని, కోసి, పోగులు పెట్టుకుంటారు. కండ, బోటి, కార్జం, బొక్కలు ప్రతి పోగులోనూ పడతయి. మిగిలింది తునకలు చేసి ఎండేస్తరు. దుకాణంలోనైతే కిరాయి, కూలి, ఐసు, రవాణా అన్నీ కిలో ధరలోనే రావాలి.

మరి పోగు ఎందుకు చవక? కోసినోళ్ల కూలిని ఎవరూ లెక్కగట్టరు గనక. వాళ్ల మీద పడే ప్రమాదాన్ని కూడా లెక్కగట్టరు. 1977 చట్టం ఆవునూ దూడనూ కోయడాన్ని నిషేధించింది. ఎద్దుకూ దున్నకూ సర్టిఫికెట్టు కావాలంది. గూడెంలో ఆ కాగితం ఎవరిస్తరు? 2016 ఆగస్టులో అమలాపురంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ములనే కొట్టారు. ఇక బతికున్న పశువును తోలుకొచ్చేవాడి సంగతేంది?

2017 మేలో కేంద్రం, కోతకు పశువుల్ని సంతలో అమ్మొద్దని నిబంధనలు తెచ్చింది. అంటే రైతు దగ్గర నేరుగా కొనుక్కోమనే! జూలైలో సుప్రీంకోర్టు వాటి అమలు ఆగేట్టు చూసింది. సంతలో పదిమంది నడుమ రసీదుతో కొన్నవాడికి కనీసం సాక్ష్యం ఉంటది. ఇంటికాడ కొన్నవాడు దారిలో ఒంటరి.

కాబట్టి 'నేరుగా' అన్న మాటను మెచ్చుకుంటే చాలదు. ఊళ్లో కోతకు జాగా, పశువైద్యుడి కాగితం, కోసినోళ్లకు కూలి అడగాలి. అవి వచ్చాక పోగు ధర పెరిగితే పెరగనీ. అదే అసలు ధర.