షార్లెట్ మీద మా ఇంట్లో జరిగిన తగువు

జేన్ ఆస్టిన్ అనే ఇంగ్లీషు రచయిత్రి తన నవలలు చదివినవాళ్లు ఏమన్నారో కాగితం మీద రాసిపెట్టుకునేది. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్', 'ఎమ్మా' అనే రెండు నవలల మీద ఆమె అట్లా రాసుకున్న అభిప్రాయాలు ఇప్పటికీ దొరుకుతాయి. మొదటిదాంట్లో కథానాయిక చప్పగా ఉందని సొంత తల్లే అంటే, దాన్నీ రాసుకుంది. 'ఎమ్మా' అంత బాగుండదని ఎవరో చెప్పారని ఒకాయన మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం మాత్రమే చదివాడంట. దాన్నీ రాసుకుంది. (మా క్లాసులో నాన్-డిటైల్ పాఠాలు అట్లా చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. పేర్లు రాయను.)

అది తెలిసినాక నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. మా చిన్నమ్మ బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దగ్గర రెండు నవలలు కొనింది. ఒకటి ఆస్టిన్ రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్', ఇంకొకటి జార్జెట్ హేయర్ రాసిన 'అరబెల్లా'. దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా ఆదివారం ఆదివారం హోసూరు వచ్చి, వాటిని కొంచెం కొంచెంగా మాకు తెలుగులో చెప్పింది. తర్వాత నేను మొదటిదాన్ని పిల్లల కోసం కుదించిన పుస్తకంలో చదివాను. అసలు పుస్తకంలో కొన్ని అధ్యాయాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. తెలుగు మీడియం వాళ్లకు అది చిన్న పని కాదు.

ఇట్లాంటి నవలలను రీజెన్సీ రొమాన్సులు అంటారు. ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి స్థిమితం తప్పినందువల్ల 1811 నుంచి 1820 వరకు ఆయన కొడుకు రాజు బదులు పాలించాడు. అట్లా పాలించేవాడిని రీజెంట్ అంటారు, అందుకే ఆ పేరు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో వచ్చింది. అంటే ఆస్టిన్ రాసింది తన కాలం గురించే, అప్పటి వాళ్లకు అది కొత్త కాలపు నవల. హేయర్ 'అరబెల్లా' రాసింది 1949లో. ఆమెకు అది చరిత్ర. అప్పటి బట్టలు, బండ్లు, మాటలు అన్నీ వెతికి నోట్సు రాసుకుని మరీ రాసేది. మా అవ్వ చదివిన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' కూడా 1960లలో కొత్త కాలపు నవలే. ఆడపిల్ల ఆఫీసుకు పోయి ఉద్యోగం చేసే కథ అప్పుడు కొత్త. కుప్పంలో ఉండే తమ్ముడు తెచ్చిస్తే అవ్వ దాన్ని దాచిపెట్టుకుని చదివిందంట. ఇప్పుడు నేను చదివితే జయంతి, రాజశేఖరం ఇద్దరూ నాకు పాతకాలం వాళ్లుగా కనిపిస్తారు. ఇంకో వందేళ్లకు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో!

అసలు తగువుకు వస్తాను. కథలో బెన్నెట్ అనే ఆయనకు అయిదుగురు కూతుళ్లు. ఏడాదికి 2000 పౌండ్లు వచ్చే ఆస్తి ఉంది. కానీ ఆయన పోతే అది కూతుళ్లకు రాదు, కాలిన్స్ అనే దూరపు బంధువుకు పోతుంది. ఆ కాలిన్స్ వచ్చి రెండో కూతురు ఎలిజబెత్‌ను పెండ్లి చేసుకుంటానంటాడు. అతను పొగడ్తల మూట, తెలివి తక్కువ మనిషి. ఎలిజబెత్ ఒప్పుకోదు. మూడు రోజుల్లోపే అతను ఆమె స్నేహితురాలు షార్లెట్‌ను అడుగుతాడు. షార్లెట్‌కు 27 ఏళ్లు, అందం లేదు, డబ్బు లేదు. సరే అంటుంది.

దగ్గర దగ్గర ఒక నెల మా ఇంట్లో దీని మీదే మాటలు.

అవ్వ సాయంత్రం పూలు కడుతూ అనింది: "ఆ పాప చేసింది సరే. ఇల్లుండాది, తిండుండాది, మొగుడు తాగడు, కొట్టడు. ఇంకేం గావల్ల?" అమ్మ ఒప్పుకోలేదు. రోజంతా ఆ మనిషి మాటలు వింటా ఎట్లా బతుకుతాది అనింది. చిన్నమ్మ మధ్యలో ఒక సంగతి గుర్తు చేసింది. పెండ్లయ్యాక షార్లెట్ ఇంటిని చూడటానికి ఎలిజబెత్ పోతుంది కదా. అక్కడ షార్లెట్ తను కూర్చునే గది వెనకవైపు పెట్టుకుంది, మొగుడి గదికి ముందువైపు కిటికీ ఉంది. దారిన పోయే బండ్లు చూస్తూ అతను అక్కడే ఉంటాడు, ఈమె జోలికి రాడు. తోటపని ఆరోగ్యానికి మంచిదని చెప్పి అతన్ని బయటికి కూడా పంపిస్తుంది. మేమంతా నవ్వాము. అమ్మ మాత్రం నవ్వలేదు. "ఒక గది కోసం అంత తెలివి ఖర్చు పెట్టాల్నా?" అనింది. నా నోటుబుక్కులో ఉన్న అభిప్రాయాలన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

నాయన నవలలు చదవడు. ఒకే ప్రశ్న అడిగాడు, ఆస్తి కూతుళ్లకు ఎందుకు రాదు అని. ఆ కాలంలో కొన్ని ఆస్తులు మగవారసులకే పోయేటట్లు ముందే రాసిపెట్టేవాళ్లని చిన్నమ్మ చెప్పింది. మన దగ్గర అట్లా లేదులే అన్నాడు నాయన. తమిళనాడులో పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన వాటా చట్టం 1989లో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అప్పుడు అమ్మ, "చట్టం వచ్చింది సరే, మా వాళ్లు నా దగ్గర సంతకం ఎందుకు పెట్టించుకున్నారు?" అని అడిగింది. నాయన టీ తాగడానికి లేచిపోయాడు. ప్రేమ నవలలు టైంపాస్ అనేవాళ్లు ఆ సాయంత్రం మా ఇంట్లో ఉండి ఉంటే బాగుండేది.

'జేన్ ఎయిర్' రాసిన షార్లెట్ బ్రాంటేకు ఈ నవల నచ్చలేదు. 1848లో ఒక ఉత్తరంలో, ఇది చక్కగా కంచె వేసిన తోటలాగా ఉంది, బయలు లేదు, గాలి లేదు అనే అర్థం వచ్చేటట్లు రాసింది. చాలామంది పెద్దవాళ్లు దీన్ని మెచ్చుకుంటారు కాబట్టి తిట్టినవాళ్లు కూడా ఉన్నారని తెలిసి నాకు కొంచెం సంతోషమయింది. కానీ నేను ఆమెతో ఏకీభవించను. కంచె ఉన్నమాట నిజమే. ఆ కంచె లోపల ఆడవాళ్లు ఎట్లా మసులుకున్నారో చెప్పడమే కదా ఈ కథ. షార్లెట్ వెనక గది ఆ కంచె లోపలిదే.

'అరబెల్లా' ఇంకోరకం. అరబెల్లా ఎనిమిదిమంది పిల్లలున్న చర్చి ఫాదరు కూతురు. దారిలో బండి విరిగి ఒక గొప్ప ధనవంతుడి ఇంటికి పోతుంది. ఆడపిల్లలు నా డబ్బు కోసం వెంట పడతారు అని అతను తన స్నేహితుడితో అనడం ఆమె చెవిన పడుతుంది. కోపం వచ్చి, నేనే పెద్ద ఆస్తిపరురాలిని అని అబద్ధం చెప్పేస్తుంది. ఎలిజబెత్ కూడా డార్సీ తనను తక్కువ చేసి మాట్లాడటం అట్లాగే వింటుంది, కానీ ఆమె దాన్ని నలుగురికీ చెప్పి నవ్వేస్తుంది. నవ్వడం కష్టం. అబద్ధం మీద నడిచే కథ మాత్రం గబగబా పోతుంది, చిన్నమ్మ ఎక్కడ ఆపినా మాకు కోపం వచ్చేది. ఇందులో ఇంకోటి కూడా ఉంది. పొగగొట్టాలు శుభ్రం చేసే చిన్న పిల్లవాడు ఒకరోజు దారి తప్పి అరబెల్లా గదిలోకి దిగుతాడు. అప్పట్లో పేద పిల్లలను ఆ గొట్టాల్లోకి ఎక్కించేవాళ్లు. ఆ పని 1875 చట్టంతో గాని పూర్తిగా ఆగలేదు. అరబెల్లా ఆ పిల్లవాడి యజమానితో పోట్లాడి వాణ్ని కాపాడుతుంది. ఆస్టిన్ నవలలో పొయ్యిలు అన్నీ మండుతుంటాయి, వాటిని శుభ్రం చేసేవాళ్లు కనిపించరు. ఈ విషయంలో హేయర్‌కే నా మార్కులు.

రెండిట్లోనూ నాకు నచ్చనిది ఒకటే. చివరికి అప్పులన్నీ హీరో తీరుస్తాడు. అరబెల్లా తమ్ముడి అప్పు అతనే తీరుస్తాడు, ఇక్కడ విక్‌హామ్ అప్పులు డార్సీ తీరుస్తాడు. డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు. అతని మీద ప్రేమ ఎప్పుడు మొదలయిందని అక్క అడిగితే అతని భవనం, తోట చూసినప్పటి నుంచి అంటుంది ఎలిజబెత్. అది ఎగతాళి అంటుంది చిన్నమ్మ. సగం ఎగతాళి అంటాను నేను. 'సెక్రటరీ'లో కూడా హీరో డబ్బున్నవాడే కదా అంటే అవ్వ, "బీదోడి కథ చదవనీకి పుస్తకమెందుకు, ఈదిలోకి చూస్తే సాలదా" అనింది. టీవీలో వచ్చిన 'బ్రిడ్జర్టన్' సంగతి మా ఫ్రెండ్సు అడుగుతారు. నేను చూడలేదు, చూడనివ్వరు.

ఇప్పుడు లిడియా గురించి. ఆమె బెన్నెట్ చివరి కూతురు, కథ మొదట్లో 15 ఏళ్లు, నా వయసు. విక్‌హామ్ అనే సైనికాధికారితో వెళ్లిపోతుంది. అతను అంతకుముందు డార్సీ చెల్లెలు జార్జియానాను కూడా ఇట్లాగే తీసుకుపోవాలని చూశాడు. ఆ అమ్మాయికి కూడా అప్పుడు 15 ఏళ్లే. కానీ ఆమెకు 30,000 పౌండ్ల ఆస్తి ఉంది, కాపాడే అన్న ఉన్నాడు. విషయం బయటికి రాలేదు, ఆమె మంచి అమ్మాయిగానే ఉండిపోయింది. లిడియా సంగతి ఊరంతా తెలిసింది. ఇంతకంటే ఆమె చచ్చిపోయినా బాగుండేదని కాలిన్స్ ఉత్తరం రాస్తాడు. డార్సీ డబ్బిచ్చి పెండ్లి చేయిస్తే అందరూ అమ్మయ్య అనుకుంటారు. అతను ఎట్లాంటివాడో తెలిసి కూడా అతనికే ఇచ్చి చేస్తారు. లిడియా బండి కిటికీలోంచి ఉంగరం చూపిస్తూ తిరుగుతుంది, ఆస్టిన్ మనల్ని నవ్విస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

మా క్లాసులో మూడేళ్లు నా బెంచీలో కూర్చున్న అమ్మాయి తొమ్మిదో తరగతి మధ్యలో రావడం మానేసింది. ఎందుకో అందరికీ తెలుసు, గట్టిగా ఎవరూ చెప్పరు. ఆమె కూడా గాజులు చూపించి నవ్వింది. అది గుర్తొచ్చినాక లిడియా మీద నాకు నవ్వు రాలేదు. ఆస్టిన్ షార్లెట్‌కు ఒక గది ఇచ్చింది, లిడియాకు ఏమీ ఇవ్వలేదు. ఇంత తెలివిగల రచయిత్రి మీద నాకున్న ఫిర్యాదు ఇదే.

మా ఇంట్లో కూడా షార్లెట్ గురించి నోటుబుక్కులో నాలుగు పేజీలు వచ్చాయి. లిడియా పేజీలో నా మాటలు తప్ప ఏమీ లేవు. పోయిన వారం అవ్వనే అడిగాను. పూలు కట్టడం ఆపి, "ఆ పాపను ఏ ఊరికి అంపిరి?" అనింది. న్యూకాసిల్ అని చెప్పాను. ఎంత దూరం అని అడిగింది. అట్లాసు తీసి స్కేలుతో కొలిచాను. పుట్టింటి నుంచి దాదాపు 400 కిలోమీటర్లు వచ్చింది.

"గుర్రబ్బండిలోనా?" అనింది అవ్వ. అదే రాసుకున్నాను.