కొసల కాపుదల

నల్లజాతి స్త్రీల జుట్టు పెరుగదను మాట అమెరికా వెళ్ళి వచ్చిన మనవారి నోటను తఱచుగ వినబడుచుండును. పైపైన చూచి చేసిన తీర్పు అది. వెండ్రుక యెవరి తలమీదనైనను కుదురునుండి పెరుగుచునే యుండును; ఆఫ్రికా సంతతివారిది తక్కినవారి దానికంటె కొంచెము మెల్లగ, నెలకు సెంటీమీటరుకు కొంత తక్కువగ పెరుగునన్నది నిజమే కాని, ఆ స్వల్పభేదముచేతనే జుట్టు భుజములదాక దిగకుండ పోదు. కుదుళ్ళవద్ద పెరిగినదంతయు కొసలవద్ద విరిగిపోవుచుండుటయే అసలు సంగతి. ఆ స్త్రీలు తల్లినుండి కూతురు నేర్చుకొనుచు వచ్చిన విద్యకు, కాబట్టి, పెరిగినదానిని నిలుపుకొనుటయే పరమార్థము.

విరుగుటకు హేతువు వెండ్రుక నిర్మాణమునందే యున్నది. అడ్డముగ కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో చీనా జపానులవారి వెండ్రుక గుండ్రముగను, వీరిది అణగిన అండాకారముగను కనబడును. కుదురు చర్మములోపలనే వంగియుండుటచే వెండ్రుక చుట్టలు చుట్టుకొనుచు వెలికివచ్చును. మాడున ఊరెడి సహజమైన జిడ్డు నిటారైన వెండ్రుకవెంట సులభముగ కొసదాక జారును గాని, అడుగడుగున మలుపులున్న యీ దారిలో కొసకు చేరనే చేరదు. పైగా ప్రతి మెలికయు వెండ్రుకకు ఒక బలహీనస్థానము, చిక్కునకు ఒక ఆశ్రయము. ఎండిన జుట్టును సన్నపండ్ల దువ్వెనతో మాడునుండి క్రిందికి ఈడ్చిన తల్లి, ప్రేమతోనే యైనను, నెలనాళ్ళ పెరుగుదలను నిమిషములో త్రుంచివేయును.

అట్లాంటా నగరమున మా అమ్మాయి కాపురముండు వీథిలోని యొక నల్లజాతి గృహిణి తన కుమార్తెకు తలంటు తీరును నేను శ్రద్ధతో గమనించితిని. వాష్ డే అని వారు చెప్పుకొను ఆ దినమున వేఱు పనులు పెట్టుకొనరు. జుట్టును పాయలు పాయలుగ విడదీసి క్లిప్పులు బిగించి, ముందుగ నూనె పట్టించి, షాంపూను మాడునకు మాత్రమే రుద్ది, జారిపోవు నురుగుతోనే కొసలను శుభ్రపడనిచ్చి, పిమ్మట కండిషనరును దట్టముగ పూసి, వెండ్రుకలు జాఱుబాఱిన మీదట మొదట వ్రేళ్ళతోను, తరువాత ఎడమెడముగ పండ్లున్న పెద్ద దువ్వెనతోను, కొసలనుండి ఆరంభించి అంగుళమంగుళముగ కుదుళ్ళవైపు ఎక్కుచు, ఆమె చిక్కు తీయును. తడి యారకమునుపే నీటి పాలు ఎక్కువగనుండు లేపనము, దానిపై షియా వెన్న. ఈ వరుస తారుమారైనచో ఫలము లేదు; తేమనిచ్చునది నీరు, దానిని పోనీయకుండ పట్టియుంచునది కొవ్వు. తువ్వాలుతో రుద్దుట నిషిద్ధము, పాత నూలు బనియనుతో అద్దుట మాత్రమే కలదు. ఆపైన రెండేసి పాయలుగ మెలివేసి, రాత్రి శాటిన్ టోపీ తొడుగుదురు. నూలు గలీబు తేమను పీల్చును, రాపిడిచే కొసలను చీల్చును. ఇంత చేసినను ఆరిన జుట్టు ముడుచుకొని తన పొడవులో సగమైనను చూపదు. ఎంత పెరిగినదో తెలియవలెనన్నచో ఒక చుట్టను పట్టి సాగదీసి చూడవలసినదే.

ఆమె అలమరలోని సీసాలలో నన్నాకర్షించినది జమైకా నల్లాముదము. విత్తులను వేచి, దంచి, నీట ఉడికించి, పైకి తేలిన నూనెను తీయుదురట. మా పల్లెలో వంటాముదము వండిన పద్ధతి ఇంచుమించుగ ఇదియే. మూత తీయగనే పెరటి పొయ్యి వాసన గుప్పున కొట్టినది. ఆముదము జుట్టును మొలిపించునని అక్కడి వర్తకులును ఇక్కడి బామ్మలును ఏకకంఠముతో చెప్పుదురు కాని, అందుకు తగిన శాస్త్రప్రమాణము లేదు. తన చిక్కదనముచే తేమను కట్టియుంచుననుట నిశ్చయము. ఆ యుపకారము చాలదా?

ఈ శ్రమనంతయు సింగారపు మోజుగ నెంచువారు చరిత్ర నెఱుగరు. 1786లో లూయిజియానాను పాలించుచుండిన స్పానిష్ గవర్నరు ఎస్తెబాన్ మీరో, న్యూ ఆర్లియన్సులోని నల్లజాతి స్త్రీలు తల కప్పుకొనవలెనని శాసించగ, వారా వస్త్రమునే రంగురంగులుగ చుట్టి అలంకారముగ చేసికొనిరి. బానిసత్వము ననుభవించిన తలిదండ్రులకు 1867లో జన్మించిన సారా బ్రీడ్‌లవ్, తన జుట్టు రాలుటచే విసిగి, మేడమ్ సి. జె. వాకర్ అను పేరుతో లేపనములమ్మి ధనవంతురాలై, వేలాది స్త్రీలకు జీవనోపాధి చూపినది. తరువాత సోడియం హైడ్రాక్సైడు వంటి క్షారములతో జుట్టును సాపుచేయు రిలాక్సరులు వచ్చినవి. ఇట్టి రసాయనములను తఱచుగ వాడినవారిలో గర్భాశయ క్యాన్సరు అధికముగ కనబడినదని 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ప్రకటించిరి. సహజమైన జుట్టును, జడలను సాకుగ చూపి కొలువునందును బడియందును వివక్ష చేయరాదని కాలిఫోర్నియా రాష్ట్రము క్రౌన్ చట్టమును చేసినది 2019లో. తలమీద మొలిచినదానిని మొలిచినట్లుంచుకొనుటకు చట్టము కావలసివచ్చెననగా, తక్కిన కథను పాఠకులే యూహింతురు గాక.

ఈ కథలో మనకును పాత్ర కలదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించు తలనీలాలను దేవస్థానమువారు వేలమున అమ్ముదురు. అట్టి జుట్టు శుద్ధియై, సముద్రములు దాటి, విగ్గులుగను, సన్నజడలమీద కుట్టు సవరములుగను మాఱి ఆ స్త్రీల తలలకును చేరును. 2009లో వచ్చిన క్రిస్ రాక్ చిత్రము ‘గుడ్ హెయిర్’ యీ వ్యాపారమును తెరకెక్కించినది. మ్రొక్కు తీర్చుకొన్న ముత్తైదువకు ఈ సంగతి తెలియదు. తెలిసినను నొచ్చుకొనదనియే నాకు తోచును.

సవరమును నేను తప్పుపట్టను. కొసలను దాచి కాపాడుటకు అదియు నొక యుపాయమే. కాని బిగువైన జడపై బరువైన సవరము కుట్టినచో నుదుటి యంచునను కణతలవద్దను గల నూగుజుట్టు ముందుగ ఊడిపోవును. ఏండ్లతరబడి లాగబడిన కుదురు మరల మొలిపింపజాలదు. అందుచే ఆ యిల్లాలు కూతురిని జడలల్లు దుకాణమునకు పంపునపుడు మఱువక చెప్పుచుండును: నొప్పి పెట్టినచో ఓర్చుకొనవద్దు, వదులుగ అల్లుమని వెంటనే యడుగుము, వినకపోయినచో సగము జడలతోనైనను లేచి యింటికి రమ్ము.