భానుమతి కథనంలో స్వగతం: 'అత్తగారి కథలు' – ఒక పరిశీలన

నటిగా, గాయనిగా, దర్శకురాలిగా భానుమతీ రామకృష్ణ (1925–2005) పొందిన కీర్తి ఆమె రచనకు మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'అత్తగారి కథలు'ను ఒక తార తీరికవేళ రాసుకున్న హాస్యంగా మెచ్చుకొని ఊరుకోవడం పరిపాటి. ఆ మెప్పులో కొంత చిన్నచూపు ఉంది. నటన ఆమె కథనానికి ఏమిచ్చిందన్నది అసలు ప్రశ్న.

ఆమె తెరప్రవేశానికి మూలం రంగస్థల నాటకమే. కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయము' 1939లో చిత్రమైనపుడు ఆమె కాళింది పాత్ర ధరించింది. కట్నమిచ్చి తెచ్చిన వరుడు వద్దనడానికి ఆ పిల్లకు చావు తప్ప మరో మాట లేదు.

'అత్తగారి కథలు'లో కోడలికి మాట ఉంది. అయితే అది అత్తగారికి వినిపించదు. నాటక పరిభాషలో దీనిని స్వగతం అంటారు: ప్రేక్షకులు వింటారు, రంగం మీది తోటిపాత్ర వినదు. మడి, ఆవకాయ, పనివాళ్ళతో తగాదా, ఏ సందర్భమైనా రంగమంతా అత్తగారిదే. కోడలు పక్కన నిలబడి ఎదురాడక తలూపుతుంది. ఆ తలూపడానికీ పాఠకుడికి చెప్పే మాటకూ మధ్య ఉన్న ఎడంలోనే హాస్యం పుడుతుంది. మునిమాణిక్యం 'కాంతం కథలు'లో భార్య మాటలు భర్త కథనంలోంచి వడకట్టుకొని వస్తాయి. ఇక్కడ చెప్పేదీ స్త్రీయే, నవ్వించేదీ స్త్రీయే. మగవాళ్ళు దాదాపు తెరవెనుకే. తెలుగు హాస్యకథలో ఇది చిన్న మార్పు కాదు.

ఈ కోడలిని రచయిత్రితో ఏకం చేసి చదవడం పొరపాటు. తండ్రి అభీష్టానికి విరుద్ధంగా 1943లో రామకృష్ణను పెళ్ళాడిన స్త్రీ, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసిన స్త్రీ ఆమె. జాతీయ చలనచిత్ర పురస్కారం పొందిన ఆత్మకథ 'నాలో నేను'లోని 'నేను' వేరు, కథల్లోని 'నేను' వేరు. రెండవది ధరించిన పాత్ర. తెరమీద అహంకారానికి పేరుపడ్డ నటి కాగితం మీద అణకువను అభినయించింది.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. స్వగతం ఎక్కడా ప్రకాశంగా మారదు. మడిని చూసి నవ్వుతారు. మడి ఎవరిని వాకిట నిలబెడుతుందో అడగరు. బ్రిటిష్ రంగస్థల నటి ఫానీ కెంబుల్ అత్తింటివారి జార్జియా తోటల్లో బానిసల బతుకును 1838–39లో రాసుకొని, విడాకుల తరువాత 1863లో ప్రచురించింది. ఆమె స్వగతం పాతికేళ్ళకు ప్రకాశమైంది. దూరం పోనక్కరలేదు, గోదావరిఖని పరిసరాల బొగ్గుగని జీవితం నుంచి వచ్చిన అల్లం రాజయ్య కథల పక్కన పెట్టినా తేడా తెలుస్తుంది. అక్కడ ఇల్లు కూలికీ పోరాటానికీ వెలుపల ఉండదు. భానుమతి కథల్లో పనివాళ్ళు వచ్చి, నవ్వించి, నిష్క్రమిస్తారు. వారికి స్వగతం లేదు.