ఆర్థిక విభాగ నియామకాల్లో రంగానుభవం: విశాఖ ఓడరేవు, ఉక్కు పరిశ్రమల నేపథ్యంలో ఒక విమర్శ

ఆర్థిక విభాగాల నియామక ప్రకటనలలో 'సంబంధిత రంగంలో అనుభవం తప్పనిసరి' అన్న నిబంధన పరిపాటి. దానికి ప్రతిగా నిర్వహణశాస్త్ర గ్రంథాలు 'బదిలీయోగ్య నైపుణ్యాలు' అనే భావనను ముందుకు తెస్తాయి. ఏది మేలన్న చర్చ ఎంతగా సాగినా, అసలు 'రంగం' అంటే ఏమిటన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, దేశంలో సముద్రతీరాన వెలసిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం రెండూ ఉన్న విశాఖపట్నం ఆ ప్రశ్నను పరీక్షించడానికి అనువైన చోటు.

గ్యారీ బెకర్ 1964 నాటి 'హ్యూమన్ క్యాపిటల్' గ్రంథంలో శిక్షణను సాధారణమైనది, సంస్థకే పరిమితమైనది అని విభజించాడు. ఈ రెండింటి నడుమ పరిశ్రమకు చెందిన నైపుణ్యం ఒకటుందని 1995లో డెరెక్ నీల్, ఉద్యోగాలు కోల్పోయిన అమెరికన్ల వేతనాల ఆధారంగా వాదించాడు. 2009లో కాంబురోవ్, మనోవ్‌స్కీలు వృత్తిలోని అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటే పరిశ్రమానుభవపు ప్రాధాన్యం బాగా తగ్గిపోతుందని చూపారు. నియామక ప్రకటనలు నీల్ పక్షాన, చార్టర్డ్ అకౌంటెన్సీ విద్య కాంబురోవ్, మనోవ్‌స్కీల పక్షాన నిలుస్తున్నాయనవచ్చు. ఆడిట్ సంస్థలో ఆర్టికల్ శిక్షణ పొందే విద్యార్థి ఒకే ఏడాదిలో పలు పరిశ్రమల ఖాతాలు చూస్తాడు కదా! అయితే ఇవి అమెరికన్ వేతనాల అధ్యయనాలు; విశాఖకు యథాతథంగా అతికించడం తగదు.

రంగానుభవానికి విలువ లేదనడం మాత్రం పొరపాటు. ఉక్కు కర్మాగారపు బొగ్గు యార్డునే తీసుకుందాం. సంవత్సరాంతంలో ఆ గుట్టలను తూకం వేయరు. ఘనపరిమాణం కొలిచి, సాంద్రతతో గుణించి, తేమను మినహాయించి నిల్వను అంచనా కడతారు. సాంద్రత అంచనాలో స్వల్పమైన తేడా వచ్చినా లాభనష్టాల ఖాతా మారిపోతుంది. ఇండ్ ఏఎస్ 2 ప్రమాణం కంఠస్థమైన బ్యాంకు అధికారికి సూత్రం తెలుసు. ఆ అంకె ఏ చేతుల మీదుగా వచ్చిందో, ఎక్కడ సందేహించాలో తెలియదు. కోకు తయారీలో వెలువడే తారు, వాయువు, కొలిమి నుంచి వచ్చే స్లాగు వంటి ఉపోత్పత్తుల విలువ కట్టడమూ అంతే. పైగా విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులు లేవు. ముడి ఖనిజం బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ మార్గంలో రావాలి. ఖనిజపు ధర, రైలు రవాణా ఛార్జీ ఉత్పత్తి వ్యయాన్ని ఎలా కదిలిస్తాయో కొలిమికి దూరంగా కూర్చుని నేర్చుకోవడం కష్టం.

అయినా ఈ జ్ఞానం 'ఉక్కు రంగం' అన్న పేరు వెంటే నడుస్తుందా? విదేశాల నుంచి కోకింగ్ బొగ్గు తెచ్చే ఓడను చూడండి. అది బెర్తులో నిలిస్తే రేవు ఖాతాలో అద్దె ఆదాయం. అన్‌లోడింగ్ ఆలస్యమైతే సరుకు తెప్పించుకున్నవారికి డెమరేజ్ భారం. డాలరు పెరిగితే ఉక్కు ఖాతాలో ముడిసరుకు ఖర్చు పెరుగుతుంది. గంగవరం రేవు నుంచి కన్వేయరు బెల్టు మీద బొగ్గు నేరుగా కర్మాగారానికే చేరుతుంది. బెల్టుకు ఈ చివరన పనిచేసిన గణకుడు ఆ చివరన 'రంగానుభవం లేనివాడు' కావడం విడ్డూరం. జ్ఞానం లావాదేవీల వెంట నడుస్తోంది; ప్రకటనలు పరిశ్రమల పేర్ల వెంట హద్దులు గీస్తున్నాయి.

మరో వైరుధ్యం పదవుల నిచ్చెనలో ఉంది. ప్రభుత్వరంగ సంస్థల ఎంపిక మండలి డైరెక్టర్ (ఫైనాన్స్) పదవికి ఇచ్చే ప్రకటనలు సాధారణంగా పెద్ద సంస్థల ఆర్థిక నిర్వహణలో అనుభవాన్ని కోరతాయి. కేంద్ర అకౌంట్స్ సర్వీసుల అధికారులకు విద్యార్హతలోనూ మినహాయింపు ఉంటుంది. అంటే రైల్వే ఖాతాలు చూసినవారు ఉక్కు సంస్థ బోర్డులో కూర్చోవడానికి పోటీపడవచ్చు. కింది మెట్టు మీద రేవు, ఉక్కు, నౌకానిర్మాణం అంటూ గదులు కట్టి, పై మెట్టు మీద గోడలు తీసేయడానికి తర్కం కావాలి.

బదిలీయోగ్య నైపుణ్యాలవారి వాదమూ అంతే పలుచన. 'విశ్లేషణ సామర్థ్యం', 'భావ వ్యక్తీకరణ' అన్న మాటలు దరఖాస్తులో ఎవరైనా రాసుకోగలరు. పరీక్షకు నిలవని నైపుణ్యం బదిలీ అయిందో లేదో తేల్చేదెవరు?

ఈ చర్చ ఇప్పుడు పుస్తకాలకు పరిమితం కాదు. విశాఖ ఉక్కులో పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో సూత్రప్రాయ ఆమోదం లభించింది. 2025 జనవరిలో రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. అదే ఏడాది స్వచ్ఛంద పదవీ విరమణ పథకమూ అమలైంది. అక్కడి నుంచి బయటకు వచ్చిన ఆర్థిక విభాగ ఉద్యోగిని పొరుగు సంస్థ ఏ కొలతతో తూస్తుందన్నది జీవనోపాధి ప్రశ్న. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి కామర్స్ పట్టాతో వచ్చే యువతకూ ఇదే అడ్డంకి: అనుభవం లేనిదే ప్రవేశం లేదు, ప్రవేశం లేనిదే అనుభవం లేదు. ఎన్నేళ్లు, ఏ పరిశ్రమలో అని అడిగే బదులు, ఒక బొగ్గు ఓడకు సంబంధించిన కాగితాలు అభ్యర్థి ముందుంచి, ఇందులో ఏ అంకెను మీరు నమ్మరు, ఎందుకు నమ్మరు అని అడగవచ్చు. ఆ పరీక్షకు ఒక పూట చాలు.